పేస్టు మూతలు

పరమేశ్ దుకాణానికి వచ్చే సరుకంతా ఒకే తీరుది. కాలిపోయిన బోరు మోటార్లు, పొగ కక్కిన మిక్సీలు, తిరగనని మొండికేసిన ఫ్యాన్లు. అందుకే శుక్రవారం పొద్దున వికారాబాద్ స్టేషన్ రోడ్డులో ఓ అమ్మాయి నల్ల సంచిలోంచి గిటారు తీసి బల్ల మీద పెట్టేసరికి, అతను కాసేపు దాన్ని వదిలేసి ఆమె మొహమే చూశాడు.

"గిది నా దగ్గరికెందుకు తెచ్చినవ్ చెల్లె?"

"తాండూర్ల ఎవరూ ముట్టుకుంటలేరన్నా. పాత ఆంప్లిఫయర్లు, రేడియోలు నువ్వే బాగ చేస్తవని చెప్పిన్రు."

ఆమె పేరు నిరోషా. తాండూరులో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరు. ఆదివారాలు చర్చిలో పాటలకు ఈ బేస్ గిటారు వాయిస్తుంది. దీనికి నాలుగే తీగలు, ఒక్కోటి సైకిల్ బ్రేకు తీగంత లావు. పాట పైన ఎన్ని వయ్యారాలు పోయినా కింద దాన్ని మోసేది ఈ లావు శబ్దమేనని ఆమె చేతులు తిప్పుతూ చెప్పింది. చెప్తున్నంతసేపూ దుపట్టా కొంగు వేలికి చుట్టి విప్పుతూనే ఉంది.

"టోన్ బటన్ ఎంత తిప్పినా ఏం మారదన్నా. ఎప్పుడు చూడు, గోనె సంచిల నుంచి మాట్లాడినట్టే ఉంటది. ఇంకోటి, ప్లగ్గు పెట్టిన కాన్నుంచి గుయ్యిమంటనే ఉంటది. చెయ్యి పెట్టినా గంతే, తీసినా గంతే."

"ఎప్పటికి కావాలె?"

"ఎల్లుండి కోత పండుగ. మా దగ్గర కీబోర్డు వాయించే సుశాంత్ అని ఉన్నడు, చర్చి పెద్దమనిషి ఏసుదాసు అంకుల్ కొడుకు. గుయ్యిమనుడు ఆగితేనే బేస్, లేకుంటే నేనే కీబోర్డు మీద ఎడమ చేత్తోని కొట్టుకుంట అన్నడు." ఆమె ఆగి, గొంతు తగ్గించింది. "ముందు వాయించే ఆయన మానేస్తే, ఎవరూ లేక నాకిచ్చిన్రన్నా. ఒక్కసారి దింపిన్రంటే మళ్ల ఎక్కియ్యరు."

పరమేశ్ గిటారును బోర్లించబోయి ఆగాడు. ముందువైపు ఉండాల్సిన రెండు బటన్లకు బదులు టూత్‌పేస్టు మూతలున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది.

"ఎవరి కళ ఇది?"

"యోబు అన్న. నాకన్న ముందు వాయించెటోడు. బండల పాలిష్ యూనిట్ల చేస్తడు."

"పండ్లు తోముకోని, మిగిలింది గిటారుకు పెట్టిండన్నట్టు," అని నవ్వాడు పరమేశ్. నిరోషా నవ్వలేదు. ఆమెకు నవ్వొచ్చే పొద్దు కాదది.

వెనక మూత విప్పితే లోపల దుమ్ము, నాలుగైదు వైర్లు, బటన్లు తిప్పితే తిరిగే రెండు బిళ్లలు. టోన్ బిళ్లకు అంటుకుని ఒక కండెన్సర్ ఉబ్బి పగిలి ఉంది. పరమేశ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇది మోటారు కాకపోయినా తెలిసిన ఊరే. టోన్ బటన్ చేసేదల్లా శబ్దంలోని సన్నదనాన్ని కండెన్సర్ గుండా కొంచెం కొంచెంగా ఎర్తుకు వదిలేయడం. పెద్ద కండెన్సర్ వేస్తే ఎక్కువ పోతుంది, చిన్నది వేస్తే తక్కువ పోతుంది. ఈ పగిలింది బటన్‌తో పని లేకుండా మొత్తం పారబోస్తోంది. అరిగిపోయిన బిళ్ల తీసేసి కొత్తది బిగించాడు. గిటారు కేబుల్‌ను దుకాణంలోని ఆంప్లిఫయర్‌కు పెట్టి, సొరుగులోంచి పాత రేడియోల కండెన్సర్లు గుప్పెడు తీసి, ఒక్కోదాన్ని క్లిప్పులతో తగిలిస్తూ, "వాయించు," అన్నాడు.

నిరోషా స్టూలు మీద కూర్చుని ఒకే వరస మళ్లీ మళ్లీ వాయించింది. ఒకదానికి మొహం చిట్లించి "రేకు కొట్టినట్టున్నది" అంది. ఇంకోదానికి "ఇంక మబ్బుగున్నది" అంది. నాలుగోది తగిలించి అతను బటన్ మెల్లగా తిప్పుతుంటే ఆమె కళ్లు మూసుకుంది. శబ్దం గుండ్రంగా, ఒక్కో మెట్టూ దిగినట్టు మారుతూ వచ్చింది. పక్క కొట్టు చాయ్ ఆయన గ్లాసు కడగడం ఆపి ఇటు చూశాడు.

"ఇదేనన్నా," అంది. పొద్దటి నుంచి దుపట్టాకు అదే మొదటి విశ్రాంతి.

కండెన్సర్ అతికిస్తున్నప్పుడు కనబడింది ఆ నల్ల వైరు. తీగలు కట్టే ఇనుప పలక కింద నుంచి వచ్చి, ఎక్కడా తగలకుండా, మూలకు మడిచి ఉంది. కొస తెగి ఉంది, దాని మీద టేపు చుట్టి ఉంది.

"దొరికిండు దొంగ," అన్నాడు పరమేశ్. "ఇది తీగలకు ఎర్తు వైరు. దీన్ని కోసి పారేస్తే గుయ్యిమనక ఏం జేస్తది? ఎవడో పని రాని అనాడి చేసిండు."

వైరు కొస గీకి, టోన్ బిళ్ల వీపుకు అతికించాడు. నిరోషా తీగల మీద అరచేయి ఆనించగానే గుయ్యిమనే చప్పుడు టక్కున ఆగిపోయింది. ఆమె చేయి తీసింది, మళ్లీ పెట్టింది. మళ్లీ తీసింది. ఆ మొహంలో సంతోషం చూసి పరమేశ్‌కు ఇంకా ఏదో చేయాలనిపించింది. పేస్టు మూతలు పీకేసి, పాత స్టీరియో నుంచి రెండు మెరిసే స్టీలు బటన్లు తీసి బిగించాడు. కేబుల్ కొసకు విరిగిన వేలికి కట్టు కట్టినట్టు లావుగా చుట్టి ఉన్న టేపు కూడా విప్పేసి, లోపలి ఇనుప పిన్ను గుడ్డతో తుడిచాడు.

"పెండ్లి పిల్ల లెక్క అయింది," అన్నాడు. నిరోషా దాన్ని సంచిలో పెట్టుకుని, తాండూరు రైలుకు పరుగెత్తింది.

శనివారం మధ్యాహ్నం నాగరాణి టిఫిన్ డబ్బా తెచ్చింది. మొగుడు తింటుంటే బల్ల సర్దడం ఆమె అలవాటు. సర్దనివ్వకపోవడం అతని అలవాటు. స్క్రూల మధ్య పేస్టు మూతలు కనబడితే చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇవెక్కడియి?"

అతను గిటారు సంగతి, అనాడి సంగతి రంగులు పూసి చెప్పాడు. నాగరాణి వింటూనే ఎర్ర మూతను వెలుతురుకు పట్టింది. లోపల సైకిల్ ట్యూబు రబ్బరు గుండ్రంగా కోసి, వరుసగా పేర్చి, మధ్యలో బిళ్ల ఇనుప ఇరుసు దూరేటంత బెజ్జం చేసి ఉంది. ఇరుసు కొస బయటికి రాకుండా పైన మైనం కరిగించి మూసి ఉంది. తెల్లదానిలోనూ అంతే.

"గింత ఓపికతోని చేసినోడు అనాడి ఎట్లయితడు?" అంది. "మా అవ్వ గాజులకు లక్క పోసినట్టు పోసిండు."

పరమేశ్ ముద్ద నోట్లో పెట్టుకుని, "పని లేనోడు," అన్నాడు. కానీ నమలడం నెమ్మదించింది. ఆ వైరు కొస కూడా లాగి తెంపింది కాదు. కట్టర్‌తో చక్కగా కోసింది. టేపు చుట్టి, దేనికీ తగలకుండా మూలకు మడిచింది. పాడు చేసేవాడు అంత భద్రంగా పాడు చేయడు.

అంతలో మోమిన్‌పేట నుంచి హన్మయ్య వచ్చాడు, బోరు మోటారు స్టార్టర్ డబ్బా తీసుకుపోవడానికి. పరమేశ్ చేయి కడుక్కుని డబ్బా అప్పగిస్తూ, ఏ రైతుకైనా చెప్పే మాటే చెప్పాడు.

"తాతా, తడి కాళ్లతోని, చెప్పుల్లేకుంట స్టార్టర్ ముట్టకు. ఇనుము ఎక్కడ కనబడ్డా కరెంటున్నట్టే అనుకో."

"ఎప్పుడొచ్చినా గిదే చెప్తవ్," అని హన్మయ్య నవ్వి పోయాడు.

పరమేశ్ అక్కడే నిలబడిపోయాడు. ప్లాస్టిక్ మూతలు. టేపు చుట్టిన పిన్ను. కోసిన వైరు. ఆ గిటారు మీద వేలు తగిలే ప్రతి ఇనుప ముక్కనూ ఎవరో ఒక్కొక్కటిగా కరెంటుకు దూరం చేశారు. తనేమో ఒక్క పూటలో అన్నింటినీ మళ్లీ దగ్గర చేశాడు, పైగా స్టీలు బటన్లు బహుమానం. అతని దుకాణంలో ఏమీ కాకపోవడం వింత కాదు. వెనక గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు పోసి, రాగి పట్టీ దించి తనే ఎర్తింగ్ చేసుకున్నాడు. బల్ల కింద రబ్బరు పట్టా ఉంది. ఆ పిల్ల కాళ్లకు చెప్పులున్నాయి.

ఆదివారం చర్చి ముందు నుంచి పోయినప్పుడల్లా మెట్ల దగ్గర కనిపించే చెప్పుల వరసలు అతనికి గుర్తొచ్చాయి. ఫోను తీశాడు.

నిరోషా మొదటిసారికే ఫోనెత్తింది.

"చెల్లె, మీ చర్చిల గిటారు వాయించెటోళ్లు చెప్పులేసుకుంటరా?"

"మందిరంలకు చెప్పులతోని ఎట్ల పోతమన్నా?" ఆమెకు ఆ ప్రశ్నే వింతగా ఉంది.

"నిన్న వాయించినవా? ఏమన్న అయిందా?"

"సాయంత్రం ప్రాక్టీసుల వేళ్లకు చీమలు పాకినట్టయింది. భయానికి అనుకున్న. సుశాంత్ సౌండ్ మస్తుగుందన్నడన్నా. మొదటిసారి అట్లన్నడు."

"గిటారు పెట్టే మీ సౌండు బాక్సు ప్లగ్గుకు మూడు కాళ్లున్నయా, రెండా?"

"రెండే. మూడోది బోర్డుల పడుతలేదని ఏసుదాసు అంకుల్ కోసేసిండు."

పరమేశ్ బల్ల అంచు పట్టుకున్నాడు. మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. బాక్సులో కరెంటు లీకవుతోంది, పోవడానికి దారి లేదు. నిన్న తను అతికించిన వైరు ఆ దారిని ఆమె వేళ్ల దాకా తెచ్చింది. ఆమె కాళ్ల నుంచి భూమిలోకి పోతుంది. నిన్న బండలు పొడిగా ఉన్నాయి కాబట్టి చీమలతోనే సరిపోయింది.

"రేపు పొద్దుగాల్నే బండలన్ని కడుగుతరు," అంది నిరోషా. "యోబు అన్న గూడ షాక్ కొడుతున్నదని చెప్పిండు. విశ్వాసం తగ్గినోనికి గట్లనే అనిపిస్తదని అంకుల్ అందరి ముంగట అన్నడు. గా మాటకే మానేసిండు. మనసు మారిందన్నరు అందరు. నేను గూడ గదే అనుకున్న."

"ఎవరినన్న పిలిచి గా వైరు కోపియ్యి చెల్లె. నేను చెప్పిన్నని చెప్పు."

"కోస్తే మళ్ల గుయ్యిమంటది."

"అననీ."

"అంటే నన్ను దింపుతరన్నా." ఆమె ఏడవలేదు. ఏడిస్తే నయమనిపించింది అతనికి. "సరే. చూస్త," అని పెట్టేసింది.

ఆ 'చూస్త' పరమేశ్‌ను పట్టుకుని వదల్లేదు. సాయంత్రం రెండుసార్లు ఫోను చేస్తే ఆమె ఎత్తలేదు. వైండింగ్‌లో చుట్లు తప్పాడు, విప్పి మళ్లీ చుట్టాడు, మళ్లీ తప్పాడు. భయమేస్తోందని నాగరాణితో పైకే చెప్పాడు. మోటారు కాలితే మళ్లీ చుట్టొచ్చు, ఆ పిల్లకేమన్నా అయితే ఏం చుట్టాలి అన్నాడు.

"గిక్కడ కూసోని నన్ను అడిగితే ఏమొస్తది?" అంది నాగరాణి. "పొద్దుగాల బస్సెక్కు." పేస్టు మూతలు రెండూ తీసి అతని చొక్కా జేబులో తనే వేసింది.

ఆదివారం తాండూరు బస్సు ధారూరు దాటేదాకా బాగానే నడిచింది. తర్వాత బండల లారీ ఒకటి ముందు పడి దారివ్వలేదు. లారీ ఎక్కువ బరువుతో ఒక పక్కకు వాలి పోతోంది. బస్సులో ఎవరికీ తొందర లేదు. పరమేశ్ ఒక్కడే సీటు అంచున కూర్చుని, ముందు సీటు ఇనుప కమ్మీ పట్టుకుని, తన కాళ్లతో బస్సును తోస్తున్నాడు. నిరోషా ఫోను స్విచ్ఛాఫ్. ఆరాధనకు పోయేముందు అందరూ ఆపేస్తారని తెలుసు. తెలిసినా మళ్లీ మళ్లీ చేస్తూనే ఉన్నాడు. కంది చేన్లు కోసేసి మొడ్లు మిగిలిన పొలాలు కిటికీలో వెనక్కి పోతున్నాయి. ఊరు దగ్గరపడేసరికి పాలిష్ యూనిట్ల ముందు తెల్లటి బురద కనబడింది. బస్సు ఆగకముందే దిగాడు.

చర్చి రెండు వీధుల అవతల నుంచే వినబడింది. కీబోర్డు, డ్రమ్ము, జనం గొంతులు, వాటి కింద ఆ లావు శబ్దం. గుండ్రంగా, మెట్లు దిగుతున్నట్టు. తను ఎంచిన కండెన్సర్ శబ్దమే. వాయిస్తోంది. వైరు కోయలేదు.

మెట్ల దగ్గర వందల చెప్పులు. లోపల తాండూరు బండలు కడిగిన తడికి నీలంగా మెరుస్తున్నాయి. ముందు బల్ల చుట్టూ కంది కట్టలు, గుమ్మడికాయలు, జొన్న కంకులు. ఎడమ పక్కన వాయించేవాళ్లు. నిరోషా చివర నిలబడి ఉంది. పరమేశ్ కళ్లు నేరుగా ఆమె పాదాల మీదికి పోయాయి.

ఆమె చెప్పులేసుకుని ఉంది.

నీలం పట్టీల రబ్బరు చెప్పులు. పట్టుచీర కింద, అంత మంది మధ్య, ఆ రెండే చెప్పులు. పరమేశ్ తలుపు చెక్కకు వీపు ఆనించి ఊపిరి వదిలాడు. ఎంత ధైర్యం చేసిందో అతనికి అర్థమైంది. ఆడవాళ్లు ఒకరి మోచేయి ఒకరు పొడుచుకుంటున్నారు. వరసల్లో తలలు వంగి చూస్తున్నాయి. నిరోషా మొహం ఎర్రగా కందిపోయి ఉంది, కళ్లు తీగల మీద నుంచి ఎత్తడం లేదు. వేళ్లు మాత్రం తప్పడం లేదు.

పాట అయిపోయింది. ముందు వరసలోంచి తెల్ల చొక్కా పెద్దమనిషి లేచి ఆమె దగ్గరికి పోయాడు. ఏసుదాసే అయ్యుంటాడు. కోపంగా కాదు, ఇంటి పిల్లకు చెప్పినట్టే నెమ్మదిగా వంగి చెప్పాడు. నిరోషా తల అడ్డంగా ఊపింది. అతను ఇంకేదో అన్నాడు, జనం వైపు చూపించాడు. కీబోర్డు వెనక కుర్రాడు నేల చూపులు చూస్తున్నాడు. నిరోషా పెదవి కొరుక్కుంది. ఎడమ చేయి తీగల మీదే ఉంది. కుడి పాదం చెప్పులోంచి మెల్లగా లేచింది.

"తియ్యకు చెల్లె."

ఆ అరుపు తనదేనని పరమేశ్‌కు కాసేపటికి తెలిసింది. అప్పటికే నడవ మధ్యలో ఉన్నాడు. చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. నిరోషా పాదం చెప్పులోకి దిగింది.

"ఎవరు బాబు నువ్వు?" అన్నాడు ఏసుదాసు.

"గిటారు బాగ చేసినోణ్ణి. తప్పు చేసి వచ్చిన. జర ఒక్క నిమిషం చూడుండ్రి సార్."

జేబులోంచి టెస్టర్ తీశాడు. అప్పుడు చూసుకున్నాడు, తన కాళ్లూ ఉత్తవే. అంత భయంలోనూ మెట్ల దగ్గర చెప్పులు విడిచే వచ్చాడు. పాదాల కింద బండ చల్లగా, తడిగా తగిలింది. టెస్టర్ ప్లాస్టిక్ పిడి గట్టిగా పట్టుకుని, దాని తలమీది ఇనుప బిళ్లకు వేలు ఆనించి, కొసను మెరిసే స్టీలు బటన్‌కు ఆనించాడు.

టెస్టర్‌లో ఎర్ర దీపం వెలిగింది. తీగకు ఆనించాడు. వెలిగింది. కేబుల్ పిన్నుకు ఆనించాడు. వెలిగింది. ఈ టెస్టర్ వెలిగితే ఏమిటో అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంటింటికీ ఒక స్టార్టర్ ఉంది, స్టార్టర్ దగ్గర పడిపోయిన మనిషి ఊరికొకరున్నారు.

"యోబు గిదే కదా చెప్పింది," అని ఆడవాళ్ల వరసలోంచి ఒక ముసలి గొంతు అంది. ఆమె ఎవరితోనూ అనలేదు, ఊరికే అంది. ఏసుదాసు ఆ వైపు తిరగలేదు. కొడుకు పోయి బాక్సు ప్లగ్గు పీకాడు.

పరమేశ్ గిటారును బల్ల మీద బోర్లించాడు, గుమ్మడికాయల పక్కన. పాస్టరు గారు లోకం తెలిసిన మనిషి. ప్రార్థించుకుందాం అని, వెనక మూత విప్పి మళ్లీ బిగించేంత సేపూ, మధ్య మధ్య ఒక కన్ను తెరిచి చూసుకుంటూ ప్రార్థన సాగదీశారు. మొన్న అతికించిన వైరును పరమేశ్ కట్టర్‌తో కోశాడు. కొసకు టేపు చుట్టి, ఎలా ఉండిందో అలాగే మూలకు మడిచాడు. స్టీలు బటన్లు పీకి పేస్టు మూతలు పెట్టాడు. కేబుల్ పిన్నుకు టేపు లావుగా చుట్టాడు. కండెన్సర్ జోలికి మాత్రం పోలేదు.

ప్లగ్గు మళ్లీ పెట్టారు. టెస్టర్ తీగకు ఆనించాడు. చీకటి. మూతకు ఆనించాడు. చీకటి. "అయినా చెప్పులు ఉంచుకో," అన్నాడు.

నిరోషా గిటారు మెడలో వేసుకుని, ఎర్ర మూతను కొంచెం తిప్పింది. గుయ్యిమనే చప్పుడు చర్చి నిండా పరుచుకుంది. ఆమె సుశాంత్ వైపు చూసింది. సుశాంత్ తన ఎడమ చేతిని కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పాట మొదలైంది.

ఆరాధన అయ్యాక పరమేశ్ సౌండు బాక్సును బాగు చేయడానికి తీసుకుపోదామని మెట్ల మీద పెట్టి, చెప్పులు వెతుక్కుంటున్నాడు. నిరోషా బాక్సు వైరు చుట్టి ఇస్తోంది. ఏసుదాసు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"యోబు నంబరున్నదా బిడ్డా?"

ఆమె చెప్పింది. ఆయన ఫోను దూరంగా పట్టుకుని నొక్కాడు. గొంతు సవరించుకున్నాడు. చెప్పాల్సింది లోపల లోపలే అనుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. అవతల ఎత్తారు. ముందు రాళ్ల మిషన్ రొద, తర్వాత ఆ రొదను దాటడానికి అలవాటైన పెద్ద గొంతు, పక్కనున్న పరమేశ్‌కూ వినబడేంత.

"ఏమైందన్నా? ఎవరికన్న కొట్టిందా?"

అనుకున్న మాటలన్నీ ఏసుదాసు నోట్లోనే ఉండిపోయాయి. నిరోషా పాదాల వైపు చూశాడు.

"లేదు యోబూ," అన్నాడు. "నిరోషా చెప్పులేసుకున్నది."